ఆటపెట్టెతో పాటు ఒక గంట కూడా ఇవ్వండి

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది నుంచి దిగే వస్తువులలో పిల్లల ఆటపెట్టెలు తప్పక ఉంటాయి. మూలలు చినిగిన వైకుంఠపాళి, ఒక బంటు తక్కువైన చదరంగం, వలలు తెగిన క్యారమ్ బల్ల, కాగితపు నోట్లు చెల్లాచెదురైన బిజినెస్ ఆట. పిల్లలు పెరిగి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. కొందరు వీటిని పాతసామాన్ల వారికి తూకానికి వేస్తారు. కొందరు భోగిమంటలో పడవేస్తారు. ప్లాస్టిక్కు, రంగులు, ప్లైవుడ్ జిగురు కాలగా వచ్చే పొగ పసిపిల్లలకూ, ఉబ్బసం ఉన్నవారికీ ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. ఇంకొందరు సంచిలో కట్టి ఏదో ఒక ఆశ్రమం గుమ్మంలో దించి, దానం చేశామన్న తృప్తితో వెనుదిరుగుతారు. ఈ మూడవ పద్ధతి సదుద్దేశంతో కూడినదే. అయినా అది సగం పని మాత్రమేనని నా అభిప్రాయం.

వైద్యుడిగా ఈ మాట ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 సంవత్సరాలు పైబడిన 469 మందిని పరిశీలించిన అధ్యయనం 2003లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. చదవడం, వాద్యం వాయించడం, నృత్యం చేయడం, బోర్డు ఆటలు ఆడడం అలవాటుగా ఉన్నవారిలో డిమెన్షియా అనే మేధాక్షీణత తక్కువగా కనిపించిందని అది తెలిపింది. 2013లో ‘బిఎంజె ఓపెన్’లో వచ్చిన ఫ్రాన్సు అధ్యయనం 3,675 మంది వృద్ధులను 20 సంవత్సరాల పాటు గమనించింది. బోర్డు ఆటలు ఆడేవారిలో ఈ వ్యాధి అవకాశం సుమారు 15 శాతం తక్కువగా తేలింది. అయితే అధ్యయనం మొదట్లో వారికున్న మేధాశక్తిని, మానసిక కుంగుబాటును కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. బుద్ధి చురుకుగా ఉన్నవారే ఆటలు ఎక్కువగా ఆడుతుండవచ్చు. కనుక చదరంగం మతిమరుపుకు మందు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి ఆటవల్ల ప్రయోజనం లేదా? ఉంది. అది పెట్టెలో లేదు, ఎదురుగా కూర్చునే మనిషిలో ఉంది. ఒంటరితనం ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించి, 2023 నవంబరులో సామాజిక సంబంధాలపై ప్రత్యేకంగా ఒక కమిషన్‌నే ఏర్పాటు చేసింది. రోజంతా పలకరించేవారు లేని వృద్ధునికి ‘ఎలా ఉన్నారు?’ అన్న ప్రశ్న తరువాత మాట సాగదు. అష్టాచెమ్మా పరిస్తే గవ్వలు మాట్లాడిస్తాయి. గెలుపు, ఓటమి, చిన్న తగవు, నవ్వు అన్నీ వాటంతట అవే వస్తాయి.

పసిపిల్లల విషయంలోనూ ఇంతే. పేద కుటుంబాల చిన్నారులు వరుస అంకెల గడులున్న పటం మీద రెండు వారాల్లో మొత్తం సుమారు ఒక గంట ఆడగా వారి సంఖ్యాజ్ఞానం మెరుగుపడిందని అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2008లో చూపింది. అంకెలు లేని రంగుల పటంతో ఆడిన పిల్లలకు ఆ లాభం కలగలేదు. ఇక్కడ మరువకూడని విషయం ఒకటుంది. ఆ గంటసేపూ ప్రతి బిడ్డ పక్కన ఒక పెద్దవారు కూర్చుని ఆడించారు.

కాబట్టి పాఠకులారా, ఆటపెట్టెకు కొత్త ఇల్లు వెతికే ముందు మీ ఇంటినే ఒకసారి చూడండి. తాతగారో, అమ్మమ్మగారో ఉంటే ఆ పెట్టె బయటకు పోనవసరం లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారిని నేలపై కూర్చోబెట్టకండి. బల్ల ఎత్తున పటం పెట్టి, వెలుతురు బాగా ఉండేలా చూడండి. మతిమరుపు మొదలైనవారికి కొత్త ఆట నేర్పవద్దు. చిన్ననాడు ఆడిన వామనగుంటలో, పులిమేకో ఇవ్వండి. నియమం తప్పితే సరిదిద్దకండి. మధుమేహం ఉన్నవారు అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

ఇంట్లో అవసరం లేకపోతే తగిన చోటు ఎంచుకోండి. రక్తశుద్ధి చేయించుకునే మూత్రపిండాల రోగి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మంచం మీద గడపాలి. సూదులున్న చేయి కదపరాదు. అటువంటివారికి ఒక చేత్తో ఆడగలిగే, కాయలు జారిపోని అయస్కాంతపు చదరంగం ఎంతో నయం. క్యారమ్ బల్లకు వృద్ధాశ్రమం, సంక్షేమ వసతిగృహం, శాఖా గ్రంథాలయం మంచి చోట్లు. పిల్లల వార్డుకు తడిగుడ్డతో తుడవగలిగిన ఆటలే పనికివస్తాయి. ఎక్కడికైనా ముందుగా అడిగి, వారికి కావలసినదే తీసుకువెళ్ళండి.

ఇచ్చేముందు లెక్కపెట్టండి. చదరంగానికి 32 పావులు, క్యారమ్స్‌కు తెలుపు 9, నలుపు 9, ఎరుపు 1, స్ట్రైకరు ఒకటి, లూడోకు నాలుగు రంగుల 16 కాయలు ఉండాలి. తక్కువైన బంటు స్థానంలో ఒక గుండీ పెట్టినా సరిపోతుంది. వలలు కొత్తవి కట్టించండి. ప్రభుత్వాసుపత్రులకు కొందరు వాడగా మిగిలిన మాత్రల ముక్కలు సంచుల్లో తెచ్చి ఇస్తుంటారు. ఏది ఏ మాత్రో, గడువెప్పుడో తెలియని ఆ ముక్కలు రోగికి ఉపయోగపడవు. వాటిని ఏరి పారవేసే శ్రమ మాత్రం నర్సులకు మిగులుతుంది. సగం కాయలు లేని ఆటపెట్టె కూడా అంతే. తీసుకునేవారు పేదవారైనంత మాత్రాన వారికి విరిగినది చాలునని అనుకోవడం దానం కాదు.

కొన్ని ప్రమాదాలనూ గుర్తుంచుకోండి. మూడేళ్ళలోపు పిల్లలున్న చోటికి పాచికలు, చిన్న కాయలు, చింతపిక్కలు ఇవ్వకండి. గొంతులో అడ్డం పడతాయి, ముక్కులోనూ చెవిలోనూ దూర్చుకుంటారు. ఒకటికి మించి అయస్కాంతాలు మింగితే అవి ఒకదానినొకటి లాగుతూ పేగును మధ్యలో నలిపి రంధ్రం చేయగలవు. బిళ్ళ బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటలలోనే తీవ్రమైన గాయం కావచ్చు. క్యారమ్ బల్లపై చల్లే బోరిక్ పొడి మింగితే విషం. బల్లతో పాటు ఆ డబ్బాను పిల్లల చేతికి పంపవద్దు.

ఎంత వెతికినా పూర్తికాని ఆటలకూ ఉపయోగాలున్నాయి. పక్షవాతం తరువాత వేళ్ళకు పట్టు నేర్పడానికి క్యారమ్ కాయలు, రంగులవారీగా వేరుచేయడానికి లూడో కాయలు ఫిజియోథెరపిస్టులకు అక్కరకు వస్తాయి. బిజినెస్ ఆటలోని నోట్లతో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు చిల్లర లెక్క, కొనుగోలు నేర్పవచ్చు. ఇవేవీ కుదరకపోతే అప్పుడు పాతసామాన్ల వారికి ఇవ్వడంలో తప్పు లేదు.

చివరిగా ఒక్క విన్నపం. పెట్టె అందించి వచ్చేయకండి. అదే రోజు అక్కడ ఒక గంట కూర్చుని ఒక ఆట ఆడండి. నియమాలు రానివారికి నేర్పండి. వీలైతే వచ్చే నెల మళ్ళీ వెళ్ళండి, మీ పిల్లలనూ తీసుకువెళ్ళండి. ఆశ్రమంలో బీరువా ఎక్కిన ఆటపెట్టెకు, మీ అటక మీద ఉన్నదానికి తేడా లేదు. అక్కడి వారికి పటం కన్నా ఎక్కువ కొరతగా ఉన్నది ఎదుటి ఆటగాడే.