అగర్‌కీ ఒక తారీఖు ఉంటుంది

చికాగోలో స్థిరపడిన మన హైదరాబాదీల దగ్గర ఫుట్‌బాల్ మాట ఎత్తి చూడండి. ఎక్కడ మొదలుపెట్టినా ఐదు నిమిషాల్లో బండి 2017 దగ్గరికొచ్చి ఆగుతుంది. "మహోమ్స్ ఎదురుగా ఉంటే ట్రుబిస్కీని తీసుకున్నారు భాయ్! అక్ల్ ఉన్నోళ్ళు చేసే పనేనా అది?" డెవాన్ అవెన్యూలో చాయ్ తాగుతూ ఈ అఫ్సోస్ వెళ్ళబోసుకునే మా ఖాలా కొడుక్కి 2017లో ఆ ఆట రూల్స్ కూడా సరిగ్గా తెలియవు. ఇప్పుడు మాత్రం, ఆ రోజు తనని ఒక మాట అడిగుంటే బేర్స్ టీమ్ నసీబే మారిపోయేదన్నట్టు మాట్లాడతాడు.

ఈ 'అగర్' బీమారీ గురించే నాలుగు మాటలు రాయాలనిపించింది.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. ఇది అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. కోడిగుడ్డులాంటి బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడతారు. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వాళ్ళ లీగులో 32 టీములున్నాయి. కాలేజీల్లో ఆడి వచ్చిన కుర్రాళ్ళని ఏటా ఏప్రిల్‌లో ఈ టీములు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్ వేలంలాగా ఎవరి జేబులో పైసలెక్కువుంటే వాళ్ళు ఎగరేసుకుపోవడం ఉండదు. కిందటేడు అందరికన్నా అధ్వానంగా ఆడిన టీముకి మొదటి వంతు, కప్పు గెలిచినోళ్ళకి ఆఖరి వంతు. ఇలా ఏడు రౌండ్లు. గరీబుకి ముందు వడ్డించే ఈ ఇన్సాఫ్ నాకు నచ్చుతుంది. (ఏ ఊరికి వెళ్ళాలో చెప్పే ఇఖ్తియార్ మాత్రం కుర్రాడికి లేదు. అది వేరే బహస్.) టీములు తమ వంతుల్ని ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు కూడా. మన కథంతా అక్కడే ఉంది.

2017లో చికాగో బేర్స్‌ది మూడో వంతు. బంతి విసురుతూ ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ వాళ్ళకి కావాలి. జనరల్ మేనేజర్ రయాన్ పేస్ ఒక్క మెట్టు పైకెక్కడానికి శాన్‌ఫ్రాన్సిస్కోతో సౌదా చేశాడు. తన మూడో వంతుతో పాటు ఆ ఏటి 67వ, 111వ వంతులు, మరుసటేటి మూడో రౌండ్ వంతు ఇచ్చేసి రెండో వంతు కొన్నాడు. దాంతో తీసుకున్నది మిచ్ ట్రుబిస్కీని. కాలేజీలో ఆ అబ్బాయి మొదట్నుంచి బరిలో దిగిన మ్యాచులు 13. పాట్రిక్ మహోమ్స్ పదో వంతులో కాన్సాస్ సిటీకి, డెషాన్ వాట్సన్ పన్నెండో వంతులో హ్యూస్టన్‌కి వెళ్ళారు. మహోమ్స్ 2018లోనే 50 టచ్‌డౌన్లు విసిరి లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇప్పటికి మూడు సూపర్‌బౌల్ కప్పులు అతని ఖాతాలో ఉన్నాయి. ట్రుబిస్కీ నాలుగు సీజన్లు ఆడి బేర్స్‌ని వదిలాడు. 2022 జనవరిలో పేస్ నౌకరీ కూడా పోయింది.

ఇల్జామ్ వెయ్యడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మహోమ్స్‌ని వదిలేసింది బేర్స్ ఒక్కటే కాదు. అతని పేరు పిలిచేలోపు తొమ్మిది టీములు తమ వంతు వాడుకున్నాయి. బఫెలో అయితే చేతిలో ఉన్న పదో వంతుని తనే కాన్సాస్‌కి ఇచ్చేసింది. సరే, బఫెలో బేవకూఫ్ అందామా? ఆ టీము మరుసటేడు జాష్ అలెన్‌ని తెచ్చుకుంది, అతను గొప్ప క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. మహోమ్స్ దొరికుంటే అలెన్ దగ్గరికి వాళ్ళు వెళ్ళేవాళ్ళే కాదు. ఒక అగర్ లాగితే దాని తోకకి ఇంకో అగర్ కట్టేసి ఉంటుంది.

ఇంకో హకీఖత్ కూడా చూడండి. కాన్సాస్‌లో మహోమ్స్ మొదటి ఏడాది దాదాపు అంతా బెంచీ మీదే కూర్చున్నాడు. సీజన్ చివర్లో ఒక్క మ్యాచ్ ఆడాడు. ముందు అలెక్స్ స్మిత్ అనే తజుర్బాగల సీనియర్, పైన ఆండీ రీడ్ అనే ఉస్తాద్. (ఈ స్మిత్ కూడా 'అగర్' బాధితుడే. 2005లో ఆరన్ రాడ్జర్స్‌ని కాదని శాన్‌ఫ్రాన్సిస్కో మొదటి వంతులో తీసుకున్నది ఇతన్నే. రాడ్జర్స్ 24వ వంతుదాకా కూర్చోవాల్సొచ్చింది.) ఆ సబర్, ఆ తర్బియత్ చికాగోలో దొరికేవా? మనం అఫ్సోస్ పడుతున్నది కాన్సాస్ తయారుచేసిన మహోమ్స్ కోసం. ఆ ఏప్రిల్ రాత్రి ఆ మహోమ్స్ ఇంకా పుట్టలేదు.

నాకు అన్నిటికన్నా వాట్సన్ సంగతి విచిత్రంగా అనిపిస్తుంది. 2019లో చికాగో వాళ్ళ హస్రత్‌లో రెండు పేర్లుండేవి. "మహోమ్స్ పోతే పోయాడు, వాట్సన్ అయినా ఉన్నాడు కదా, కాలేజీ చాంపియన్‌షిప్ గెలిచొచ్చినవాడు!" 2021లో ఇరవై మందికి పైగా మహిళలు లైంగికంగా వేధించాడంటూ వాట్సన్ మీద దావాలు వేశారు. అతను ఒప్పుకోలేదు, క్రిమినల్ కేసు నడవలేదు. లీగు మాత్రం 11 మ్యాచుల సస్పెన్షన్ వేసింది. ఆలోపే క్లీవ్‌ల్యాండ్ అతని కోసం మూడు మొదటి రౌండ్ వంతులిచ్చి, 23 కోట్ల డాలర్లు గ్యారంటీ రాసిచ్చింది. ఆ సొమ్ముకి తగ్గ ఆట వాళ్ళు చూడలేదు. ఇప్పుడు చికాగోలో "వాట్సన్‌ని తీసుకోవాల్సింది" అనే మనిషి ఒక్కడు కనపడితే చెప్పండి. అదే డ్రాఫ్ట్, అదే ఫైసలా. 2019లో వేసిన తరాజు వేరు, 2022లో వేసిన తరాజు వేరు. వెనక్కి తిరిగి చూసే కంటికి అంతా తెలుసనుకుంటాం గానీ, ఆ కంటికీ ఒక తారీఖు ఉంటుంది.

నింద విషయంలోనే కాదు, తారీఫ్ విషయంలోనూ ఇంతే. 2000లో న్యూ ఇంగ్లండ్ టామ్ బ్రేడీని 199వ వంతులో తీసుకుంది. ఏడు కప్పులు గెలిచిన ఆటగాడు! 'ఏం నజర్ వాళ్ళది, వజ్రాన్ని పట్టేశారు' అంటారు. వజ్రమని తెలిస్తే 199దాకా ఎందుకాగారు జనాబ్? అతనికన్నా ముందు ఆ టీమే ఇంకో ఆరుగురిని తీసుకుంది. మరుసటేడు సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌కి గట్టి దెబ్బ తగిలాకే బ్రేడీకి చోటు దొరికింది. 2014లో అదే బ్రేడీ విసిరిన బంతిని కాన్సాస్ సిటీ మైదానంలో హుసైన్ అబ్దుల్లా పట్టుకుని పరిగెత్తి స్కోరు చేసి సజ్దా చేశాడు. రిఫరీ జరిమానా వేశాడు. అది తప్పని మర్నాడు లీగే ఒప్పుకుంది. ఈ హుసైన్ 2008 డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లూ అయిపోయినా ఎవరూ పిలవని కుర్రాడు. పైగా హజ్ కోసం 2012 సీజన్ మొత్తం వదులుకుని తిరిగొచ్చినవాడు.

మరైతే ఎవరినీ ఏమీ అనకూడదా, అంతా తఖ్దీర్ అని చేతులు దులుపుకోవాలా? ఈ మాట మేనేజర్లకి మహా ఇష్టం. మన జమాత్ కమిటీల్లో కూడా లెక్కలడిగినప్పుడు తఖ్దీర్ గుర్తొచ్చే పెద్దలున్నారు. నేనలా అనడం లేదు. 'అగర్' అనే మాట షైతాన్ పనికి దర్వాజా తెరుస్తుందని హదీస్ హెచ్చరిస్తుంది, నిజమే. కానీ దీన్‌లో ముహాసబా కూడా ఉంది. రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఉహద్‌లో కనపడుతుంది. ఆటకీ ఉహద్‌కీ పోలికేంటని కోప్పడకండి, ఆటని అంత ఎత్తుకి తీసుకెళ్ళడం లేదు, వెలుతురు కోసం వెళ్తున్నానంతే.

మదీనాలోనే ఉండి ఎదుర్కుందామన్నది రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనే అవకాశం రాని యువకులు బయటికెళ్ళి పోరాడదామన్నారు. మష్వరా వాళ్ళవైపు మొగ్గింది. నతీజా మనకి తెలుసు, 70 మంది షహీదయ్యారు. మా మాట వినుంటే చచ్చేవాళ్ళు కాదు అని మునాఫిఖులు మొదలుపెట్టారు. అచ్చం అగర్ భాష. ఖురాన్ వాళ్ళ నోరు మూయించింది. మష్వరా ఇచ్చిన యువకుల మీద ఇల్జామ్ రాలేదు. పైగా ఇకముందూ వాళ్ళతో మష్వరా చేస్తుండమని సూరె ఆలె ఇమ్రాన్‌లోనే హుకుం వచ్చింది. మరి తప్పు ఎవరిదని చెప్పింది? గుట్ట వదలొద్దన్న హుకుం చెవులారా విని కూడా వదిలేసి కిందికొచ్చిన తీరందాజులది. తర్వాత మాఫీ కూడా దొరికింది, అది వేరే రహ్మత్. నేను చూస్తున్నది ఒక్కటే: జరగబోయేది తెలియనివాళ్ళని అడగలేదు, చేతిలో ఉన్న హుకుం వదిలినవాళ్ళని అడిగింది.

ఇప్పుడు పేస్‌ని ఆ తరాజులో పెట్టండి. ముగ్గురిలో ఎవరు గొప్పవాడవుతాడన్నది ఆ రాత్రికి గైబ్. దాని మీద ఉరి తియ్యడం జుల్మ్. ఎంత ఇచ్చాడన్నది మాత్రం అతని చేతిలోని పని. 13 మ్యాచుల గవాహీ మాత్రమే ఉన్న కుర్రాడి కోసం, ఒకే ఒక్క మెట్టు ఎక్కడానికి, ఇంకో ముగ్గురిని తెచ్చుకోగల వంతులు రాసిచ్చేశాడు. ఇంకెవరో మధ్యలో దూరి ఆ వంతు కొనేస్తారన్న భయం ఉండొచ్చు, కాదనను. కానీ గవాహీ ఎంత తక్కువుంటే అంత ఎక్కువ వంతులు దగ్గర పెట్టుకోవాలి, ఒకటి గురి తప్పినా ఇంకోటి తగులుతుందని. యకీన్ లేని చోట యకీన్ ధర కట్టాడు. ఇది చెప్పడానికి మహోమ్స్ కప్పులు అక్కర్లేదు, ట్రుబిస్కీ బాగా ఆడినా ఈ మాట నిలబడుతుంది. ఆ రాత్రే అన్నవాళ్ళూ ఉన్నారు.

వీటన్నిటి మధ్యలో ట్రుబిస్కీ అనే మనిషి నలిగిపోయాడు. తనని తాను ఎంచుకోలేదు, తన మీద ఆ ధర తను వెయ్యలేదు. 2018లో అతనితోనే బేర్స్ 16 మ్యాచుల్లో 12 గెలిచింది. ప్లేఆఫ్‌లో ఒక్క పాయింట్ తేడాతో వెనకబడి ఉండగా, ఆఖరి నిమిషంలో టీముని కిక్ కొట్టగలిగే దూరానికి తెచ్చింది అతనే. ఆ కిక్ గోల్‌పోస్టుకి తగిలి, అడ్డకర్రకి తగిలి బయటపడింది. జానెడు లోపలికి పడుంటే ఈ కథ ఇవాళ ఎలా చెప్పుకునేవాళ్ళమో!

ఈ ఆట మనకి కొత్తదేం కాదు. ఎన్ని ఇళ్ళల్లో విన్లేదు, "అగర్ మా దాదా 1948లోనే కరాచీ వెళ్ళిపోయుంటే..." అని. అటు వెళ్ళినవాళ్ళ మనవలు కరాచీలో కూర్చుని దీన్నే తిరగేసి అంటారు. పోలీస్ యాక్షన్ తర్వాతి ఆ నెలల్లో దాదా చేతిలో ఉన్నదేంటి? కొంచెం భూమి, ముసలి తల్లి, వెళ్ళినవాళ్ళ నుంచి రెండు ఖతులు, పక్కింటి రెడ్డిగారిచ్చిన మాట. వీటితో ఫైసలా చేశాడు. ఇవాళ మన పాస్‌పోర్టులూ జీతాలూ తీసుకెళ్ళి ఆయన ముందు పెడితే ఆయనేం జవాబిస్తాడు? వెళ్ళేముందు చెల్లెళ్ళ హిస్సా ఇచ్చాడా లేదా అని అడగండి, అది ఆయనకి తెలిసిన హుకుమే.

చికాగోలో మాత్రం కొత్త బహస్ మొదలైపోయింది. 2024లో బేర్స్‌కి మొదటి వంతే దక్కింది. కాలెబ్ విలియమ్స్‌ని తీసుకుంది. రెండో వంతులో వాషింగ్టన్ జేడెన్ డేనియల్స్‌ని తీసుకుంది. అక్టోబర్‌లో ఈ రెండు టీములూ తలపడ్డాయి. ఆఖరి క్షణంలో డేనియల్స్ ఆకాశంలోకి విసిరిన బంతి (అలాంటి పాస్‌కి అక్కడ మరియమ్మ దుఆ పేరు పెట్టుకున్నారు, హెయిల్ మేరీ అని) ఎవరి చేతికో తగిలి, వెనకున్న ఇంకొకతని చేతుల్లో పడి, వాషింగ్టన్ 18-15తో గెలిచింది. మా ఖాలా కొడుకు ఆ రాత్రే మెసేజ్ పెట్టాడు: "చూశావా భాయీజాన్, అగర్ డేనియల్స్‌ని తీసుకునుంటే..."

ఏ తారీఖు తరాజుతో తూస్తున్నావురా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.