పెంట ఎరువైనా బోరులోకి దిగుతుంది

పన్నెండేళ్లుగా మా నాలుగెకరాల చెలకలో యూరియా బస్తా విప్పలేదు. అయినా నిరుడు బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 62 మిల్లీగ్రాముల నైట్రేట్ తేలింది. తాగునీటికి మన దేశంలో పరిమితి 45. మా కోడలు నెలల బిడ్డకు పాలపొడి కలిపేది ఆ నీళ్లతోనే. నైట్రేట్ ఎక్కువైతే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బోరు పక్కనున్న పెంటకుప్పను ముందు దూరం జరిపాను. కానీ అసలు తప్పు చేనులో ఉంది. పెసర కోసి, రొట్ట కలియదున్ని, పైన పెంట తోలి, యాసంగి దాకా ఖాళీగా వదిలేవాణ్ణి. తడి నేలలో సూక్ష్మజీవులు ఆ పచ్చి రొట్టలోని నత్రజనిని కొన్ని వారాల్లోనే నైట్రేట్‌గా మారుస్తాయి. దాన్ని మట్టి పట్టి ఉంచలేదు, రెండింటిదీ రుణావేశమే. భాద్రపదం వానకు అది నీటితోపాటే కిందికి జారిపోతుంది.

ఇప్పుడు పెసరలో కంది సాళ్లు పెడుతున్నా. పెసర తీసినా కంది వేరు ఆ నైట్రేట్‌ను పీలుస్తూ లోతుకు దిగుతూనే ఉంటుంది. మరుసటి ఏడు అక్కడ జొన్న. మొన్న ఒక జొన్న దుబ్బు పెకలిస్తే మట్టి గడ్డ విడివడలేదు, సన్నని వేళ్లు అంతగా అల్లుకున్నాయి.

మా సేంద్రియ చేను తనిఖీకి వచ్చినవాళ్లు ఏ మందు చల్లావని అడిగారు. వానల్లో ఎన్నాళ్లు ఖాళీగా ఉంచావని అడగలేదు. అదీ అడగాలి.