గంధకానిది కాదు తప్పు

గంధకం అనగానే టపాకాయల ఘాటు, గజ్జికి రాసే పసుపుపచ్చని లేపనం గుర్తుకు వస్తాయి. మన శరీరంలోనూ గంధకం ఉందంటే చాలామంది నమ్మరు. వెంట్రుక కాలినప్పుడు వచ్చే కమురు వాసనే అందుకు సాక్ష్యం.

వైద్య పరిశోధనలో గంధకం పేరు మారుమ్రోగింది సల్ఫా మందులతోనే. 1932లో జర్మనీలో గెర్హార్ట్ డోమాక్ అనే శాస్త్రవేత్త ప్రోంటోసిల్ అనే ఎర్రని రంగు పదార్థాన్ని ఎలుకల మీద పరీక్షించాడు. ప్రాణాంతకమైన సూక్ష్మజీవులు సోకిన ఎలుకలు ఆ మందుతో బ్రతికాయి. తరువాత, సూది గుచ్చుకొని చేతికి చీము పట్టిన కన్నకూతురును కూడా ఆయన ఆ మందుతోనే కాపాడుకున్నాడు. గుణం రంగులో లేదనీ, అందులో దాగిన సల్ఫనిలమైడ్ అనే గంధక సమ్మేళనంలో ఉందనీ 1935లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఆ సూక్ష్మజీవి తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తానే తయారుచేసుకోవాలి. అందుకు వాడే ముడిపదార్థాన్ని సల్ఫనిలమైడ్ అచ్చంగా పోలి ఉంటుంది. సూక్ష్మజీవి మోసపోతుంది, దాని పెరుగుదల ఆగిపోతుంది. మనిషికి ఆ ఆమ్లం ఆకుకూరలు మొదలైన ఆహారం నుండి లభిస్తుంది కనుక ఈ చిక్కు లేదు. (1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.)

ఇంత మేలు చేసిన మందుకు 1937లో అమెరికాలో మచ్చ వచ్చింది. సల్ఫనిలమైడ్ నీటిలో సరిగా కరగదు. త్రాగడానికి వీలుగా ఉంటుందని ఒక కంపెనీ దానిని డైఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యని ద్రవంలో కరిగించి అమ్మింది. రంగు చూశారు, రుచి చూశారు, వాసన చూశారు. విషమా కాదా అన్నది మాత్రం చూడలేదు. నూరుమందికి పైగా మరణించారు. వారిలో పసిపిల్లలు ఎందరో!

ఈ కథ విన్నవారు కొందరు సల్ఫా మందునే నిందిస్తారు. అది న్యాయం కాదు. సల్ఫా పడనివారు లేకపోలేదు, అది వేరే సంగతి. ఇక్కడ చంపింది ద్రవం. మందును ఎలుకలపై పరీక్షించిన కాలంలోనే, ఆ మందును కరిగించే ద్రవాన్ని పరీక్షించడానికి కంపెనీకి తీరిక లేకపోయింది! అలా పరీక్షించాలని నాడు చట్టమూ లేదు. కొత్త మందు హానికరం కాదని ముందుగా చూపాలనే చట్టం ఆ చావుల తరువాత, 1938లో వచ్చింది.

అదంతా పాతకాలపు అజ్ఞానమని మరికొందరు తోసివేస్తారు. ఇదీ ఒప్పుకోదగిన మాట కాదు. 1986లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో గ్లిజరిన్‌లో కలిసి 14 మంది రోగుల ప్రాణాలు తీసింది ఆ ద్రవమే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు త్రాగి మరణించిన దగ్గుమందులో బయటపడిందీ ఆ ద్రవమే.