పత్రికకు యజమాని యెవరు?

ప్రభుత్వము కోపించి పత్రికను మూయించినయెడల దేశమెల్ల నెరుంగును. ధనికుడు దానిని కొన్నయెడల చందాదారునకైనను సరిగా తెలియదు. ఈ రెండు ఆపదలలో ఏది గొప్పదో తెలియగోరువారు ఫ్రాన్సుదేశపు పత్రికల చరిత్రమును చదువవలెను.

అచ్చటి ప్రభుత్వములు చిరకాలము అనుమతిపత్రములచేతను జామీనులచేతను పత్రికల నణచుచుండెను. 1881 జూలై 29వ తేదీ శాసనము ఆ రెంటిని తొలగించినది. జామీను బాధ యెట్టిదో 1910 శాసనముచే నలిగిన మనదేశపు పత్రికలకు చెప్పబనిలేదు. 1908లో సుబ్రహ్మణ్య భారతి ఆంగ్లాధికారుల చేతి కందకుండ తన ‘ఇండియా’ పత్రికను చెన్నపట్టణమునుండి ఫ్రెంచివారి పుదుచ్చేరికి కొనిపోయెను.

సంకెల తొలగగనే అచ్చటి పత్రికలు వర్ధిల్లినవి. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము ‘ల పెతి పరిజియెన్’ దినమునకు పదిలక్షల ప్రతులకు మించి చెల్లినది. కాని పలుకుబడి యున్నచోటికి ధనము చేరక మానదు. 1922లో పరిమళద్రవ్యముల వర్తకుడు ఫ్రాన్స్వా కోటీ ‘ల ఫిగరో’ను కొనెను. గంభీరపత్రికయని పేరొందిన ‘ల తాం’ 1929లో ఇనుము, బొగ్గు పరిశ్రమాధిపతుల వశమైనది.

1940లో జర్మనులు ఆ దేశము నాక్రమించిరి. పారిసు పత్రికలు పెక్కులు వారికి లొంగి నడచినవి. దేశభక్తులు ‘కొంబా’ మొదలగు పత్రికలను చాటున అచ్చొత్తి చేతినుండి చేతికి పంచిరి. పట్టుబడినవారిలో ప్రాణములు కోల్పోయినవారును కలరు. 1944లో విమోచనము కలుగగనే ఆ చాటుపత్రికలు బాహాటముగ వెలువడెను. ‘కొంబా’కు ఆల్బేర్ కామ్యూ సంపాదకీయములు వ్రాసెను. శత్రువు నీడలో నడచిన పత్రికలు నిషేధింపబడెను. మూతపడిన ‘ల తాం’ భవనముననే యా డిసెంబరునందు ‘ల మోండ్’ జన్మించినది. 1944 ఆగస్టు 26వ తేదీ శాసనము రెండు నియమములను విధించినది: పత్రిక యెవరి సొమ్ముతో నడచుచున్నదో పాఠకులకు తెలియవలెను, ఒక్కడే ఒక దినపత్రికకు మించి నిర్వహింపరాదు. ఇంతకంటె న్యాయమైన నియమములను మే మెరుగము.

అవి నిలిచినవా? రొబేర్ ఎర్సాన్ 1975లో ‘ఫిగరో’ను, 1976లో ‘ఫ్రాన్స్-స్వార్’ను కొనుచుండగా శాసనము చూచుచు నూరకుండెను. 1986లో ఆ శాసనమే రద్దయినది. 2004లో ‘ఫిగరో’ యుద్ధవిమానములు చేయు దసో వంశమువారి పాలయ్యెను. భోగవస్తువుల వ్యాపారి బెర్నార్ ఆర్నో సంస్థ 2007లో ‘లెజెకో’ను, 2015లో ‘ల పరిజియెన్’ను కొన్నది. 1951నుండి వ్రాతగాండ్రకును భాగముండిన ‘ల మోండ్’ సయితము 2010లో ధనవంతుల చేతికి పోయినది. 2023లో ‘జుర్నాల్ ద్యు దిమాంష్’ విలేఖరులు క్రొత్త సంపాదకుని నియామకమును ప్రతిఘటించి నలుబది దినములు సమ్మె చేసి, తుదకు ఓడిరి. ప్రభుత్వమును గెలిచినవారు, శత్రుసైన్యమునకు లొంగనివారు, యజమానికి లొంగవలసివచ్చినది!

కాగితమునకు, యంత్రములకు, జీతములకు ధనము వలదా యని కొందరు మమ్మడుగవచ్చును. వలయును, కాని యెవరి ధనమనునదియే ప్రశ్న. 1915లో పుట్టిన హాస్యవారపత్రిక ‘ల కనార్ అన్‌షెనే’ వ్యాపారప్రకటనలను స్వీకరింపదు. పాఠకు లిచ్చు వెలతోనే నిలిచి మంత్రుల దోషములను బయలుపెట్టుచున్నది. రెన్ పట్టణమున వెలువడు ‘ఊయెస్ట్-ఫ్రాన్స్’ 1990నుండి లాభాపేక్షలేని సంఘము నధీనమున నున్నది. ఫ్రాన్సు దినపత్రికలలో అధికముగ చెల్లునది అదియే. కోటీశ్వరుడు లేనిదే పత్రిక బ్రదుకదను మాట అసత్యమని యీ రెండును రుజువుచేయుచున్నవి.

కావున పాఠకమహాశయులకు మా విన్నప మొక్కటి. పత్రికను చేతబట్టినప్పుడు అందేమి వ్రాయబడినదని మాత్రమేకాక, దానిని నిలుపు సొమ్మెవరిదని కూడ నడుగుడు. మమ్మును నడుగుడు, ఆ ప్రశ్నకు జంకు పత్రిక మీ విశ్వాసమునకు తగదు. అడిగిన పిమ్మట, నమ్మదగినదని తోచిన పత్రికకు చందా చెల్లింపుడు. వెల యీయక చదువగోరు పాఠకుడు తన పత్రికను తానే పరులకు అమ్ముచున్నాడు.