పెట్టె తెరవకుండా వేలిముద్ర వేయొద్దు

కూలివాడు చనిపోతే అతని ఆస్తి పంపకానికి అట్టే పొద్దు పట్టదు. కట్టుకున్న గుడ్డలు చాకలికి పోతాయి. పార, కొడవలి కొడుకు తీసుకుంటాడు. మిగిలేది ఓ పాత ట్రంకు పెట్టె. అందులో ఒక సంచి, సంచి నిండా కాగితాలు. చదువు రాని ఇంట్లో వాటి విలువ చెప్పేవాడుండడు. "పోయినోడితోనే పోనీ" అని పొయ్యిలో పెడతారు, లేదా కాలవలో కలుపుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అప్పిచ్చిన ఆసామి తన కాగితాన్ని భద్రంగా జేబులో పెట్టుకుని పరామర్శకు వస్తాడు.

"ఏమ్మా, నీ పెనిమిటి నా దగ్గర ఇరవై వేలు పట్టుకెళ్ళాడు. ఇప్పుడేమీ ఇవ్వక్కర్లేదులే, ఈ నోటు మీద వేలెయ్, చాలు" అంటాడు. పక్కనున్న పెద్దమనుషులు "ధర్మాత్ముడు, తొందరపెట్టడం లేదు" అని వంతపాడతారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషి వేలు వేస్తుంది. ఆ క్షణంతో మొగుడి బాకీ కాస్తా ఆమె సొంత బాకీ అయిపోతుంది. అందుకే రైతు కూలీ కుటుంబాలకు మేం చెప్పేది ఒకటే: పెట్టెలోని ప్రతి కాగితమూ చదివించుకునేదాకా ఏ నోటు మీదా వేలు వేయొద్దు.

ఆసామి తొందరకు కారణం ఉంది. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు. ఈలోగా వెనక చెల్లు వేసి సంతకం పెడితే ఇంకో మూడేళ్ళు పెరుగుతుంది. గడువు దాటితే కోర్టులో దావా నిలవదు. కాని గడువు దాటిన బాకీకి కూడా, ఇస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే ప్రాణం లేచొస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అందుకు వీలిచ్చింది. ఇక లెక్క చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే 20,000కు నెలకు 600. ఏడాదికి 7,200. మూడేళ్ళకు 21,600. అసలును మించిన వడ్డీ! కొత్త నోటులో రెండూ కలిపి 41,600 అసలుగా రాస్తాడు. ఆ మర్నాటి నుంచి వడ్డీకి వడ్డీ నడుస్తుంది.

చనిపోయినవాడి బాకీకి వారసులు, తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. వాళ్ళ రెక్కల కష్టం మీద అప్పులవాడికి హక్కు లేదు. "తండ్రి అప్పు తీర్చకపోతే పాపం రా" అని ధర్మపన్నాలు చెప్పేవాళ్ళుంటారు. ఆ పాపం పేరుతోనే కొడుకు మీద దావా వేసే పద్ధతికి హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ స్వస్తి చెప్పింది. అయ్య తీసుకున్న బాకీ కింద కొడుకు పాలేరుగా ఉండాలనడం 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం నేరం.

"అయితే అప్పులు ఎగ్గొట్టమంటారా?" అని కొందరు పెద్దలు గుడ్లురుముతారు. ఎగ్గొట్టమనడం లేదు, లెక్క చూపమంటున్నాం. ఎంత తీసుకున్నాడు, ఎంత కట్టాడు? ధాన్యం తోలిన తూకం చీటీలు, చేతిరాత రసీదులు ఆ పెట్టెలోనే ఉండొచ్చు. అవి పొయ్యిలో పడితే లోకంలో మిగిలేది ఆసామి కాగితం ఒక్కటే.

పెట్టెలో ఇవ్వాల్సిన లెక్కలే కాదు, రావాల్సినవీ ఉంటాయి. బ్యాంకు పుస్తకం తిప్పి చూడండి. ఏడాదికోసారి 436 రూపాయలు కోసుకున్నట్టు ఉంటే అది జీవన జ్యోతి బీమా. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. 20 రూపాయలు కోసుకుంటే అది ప్రమాద బీమా. ప్రమాదంలో చనిపోతే మరో 2 లక్షలు. ఈ రెండూ 2015లో వచ్చాయి. మన డబ్బు మనకు తెలియకుండానే కోసుకునే బ్యాంకు, మనిషి పోయాక ఇంటికొచ్చి చెప్పదు. మనమే వెళ్ళి అడగాలి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు పట్టా దొరికితే, ఆ భూమి వారసులకు వస్తుంది. పెళ్ళయి అత్తింటికి పోయిన కూతురూ వారసురాలే.

ఇక కౌలు రైతు సంగతి. అతని పెట్టెలో వెతికినా కాగితం దొరకదు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా 5 లక్షలిస్తుంది. కాని భూమి పాసు పుస్తకం ఉన్నవాడికే. దున్నేవాడికి, కూలికి పోయేవాడికి లేదు. ఆంధ్రలో 2019 చట్టం కింద కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. వాడు పెట్టడు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయమంటూ 2004లో 421 జీవో వచ్చింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు విచారిస్తారన్నారు. విచారణకొచ్చిన అధికారి అప్పుకు రుజువేదీ అంటాడు. నోటేమో వడ్డీ వ్యాపారి జేబులో ఉంది. కౌలేమో నోటిమాట. దాంతో, జీవితమంతా మట్టి పిసికినవాడు చచ్చాక రైతే కాకుండా పోతాడు! యజమాని సంతకంతో పనిలేకుండా కౌలుదారుకు కార్డు ఇవ్వాలని, భూమిలేని కూలీకి కూడా రైతుతో సమానంగా బీమా కల్పించాలని మనం పోరాడేది ఇందుకే.

సంఘం కార్యకర్తలు పాడె మోయడంతో పని అయిపోయిందనుకోకూడదు. చదువొచ్చిన ఒకరు, వీలైతే ఒక మహిళా కార్యకర్త, పెద్దదినం లోపు ఆ ఇంటికెళ్ళి కూర్చోవాలి. భార్యను, కూతుళ్ళను దగ్గర పెట్టుకుని పెట్టె తెరవాలి. రావాల్సినవి, ఇవ్వాల్సినవి, భూమివి అని కాగితాలు మూడు కుప్పలుగా విడదీసి జాబితా రాయాలి. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. ఆసామి వస్తే నోటు నకలు ఇమ్మని నలుగురిలో అడగాలి. నిజమైన బాకీ అయితే నకలివ్వడానికి వాడికి భయమెందుకు?