ఆకాశమును చూపువాడెవడు?

హౌరానుండి వాల్తేరు దిక్కుగా బయలుదేరిన రైలుబండి వేగము పుంజుకొనకమునుపే దాటిపోవు తొలి స్టేషను టికియాపారా. లోకల్ బండ్లు ఇచ్చట ఆగును, దూరపు బండ్లు ఆగవు. కావున కిటికీలోనుండి ఈ పేరు చదివిన తెలుగువారు లెక్కకు మిక్కిలిగా నుందురుగాని, ఇచ్చట దిగినవారు కొద్దిమందియే. పట్టాల గుంపులు, కారు షెడ్డు, తెల్లవార్లును వెలుగుచుండు యార్డు దీపములు, వానిపై కమ్ముకొన్న పొగమంచు: ఇట్టి చోట నిలిచి ఆకాశమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను, ఖగోళశాస్త్రమును జనసామాన్యమునకు బోధింపదలచినవానికి ఇంతకంటె తగిన పరీక్షాస్థలము వేరొకటి లేదని నా నమ్మకము. కొండకొమ్మున, చీకటి రాత్రి, నక్షత్రములు తమంతట తామే మాటలాడును. చంద్రుడు, శుక్రుడు, గురుడు, నాలుగైదు పెద్దచుక్కలు తప్ప మరేమియు కానరాని ఈ మసకలో, వానిని మాత్రమే ఆధారముగా గొని ఒక పిల్లవానికి విశ్వముయొక్క నడకను తెలియజెప్పగలవాడే గొప్ప విజ్ఞాన ప్రచారకుడు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. సూర్యుని గర్భములో పదమూడు లక్షల భూములు ఇముడుననియు, ఫలానా నక్షత్రపు వెలుగు మనను చేరుటకు ఇన్నివేల యేండ్లు పట్టుననియు అంకెలపై అంకెలు పేర్చి, శ్రోతచే ‘ఔరా!’ యనిపించి పంపివేయుటయే శాస్త్రప్రచారమని మనవారిలో ననేకులు భావించుచున్నారు. ఆ శ్రోత ఇంటికి పోయి, మరునాడు మరియొకడు చెప్పిన అభూతకల్పనకును అదే ‘ఔరా’ను సమర్పించును. సూర్యుని దూరము ఎంతయో చెప్పినవాడు, అది ఎట్లు తెలిసినదో చెప్పనిచో, పురాణము విప్పినవానికిని వానికిని భేదమేమి? పురాణము చెప్పువానికి కంఠస్వరమైనను బాగుండును.

హుగ్లీ నదికి ఆవలనున్న మహానగరము ఈ విషయములో మనకు గురుస్థానము. మహేంద్రలాల్ సర్కారు అను వైద్యుడు 1876లో బౌబజారు వీథిలో విజ్ఞానాభివృద్ధికై ఒక సంఘమును స్థాపించినప్పుడు, ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు సెయింట్ జేవియర్ కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పుచుండిన బెల్జియము దేశపు జెస్యూటు ఫాదర్ లాఫోన్. ఈ దేశీయులకు చేతిపనులు నేర్పిన చాలును, శుద్ధశాస్త్రముతో వీరికేమి పని యని వాదించినవారు ఆనాడు కలరు. లాఫోన్ ఆ వాదమును నిరసించి సర్కారు పక్షము వహించెను. 1865లో కలకత్తా చేరిన ఆయన, ఏండ్ల తరబడి సాయంకాలపు ఉపన్యాసములలో మాయాదీపమును వెలిగించి, ఫోనోగ్రాఫు మాటలాడించి, కొత్తగా కనుగొనబడిన ఎక్స్-కిరణములను సైతము సభవారి కన్నులయెదుటనే ప్రత్యక్షము గావించెను. శ్రోతలలో గుమాస్తాలుండిరి, వకీళ్లుండిరి, విద్యార్థులుండిరి. బల్లమీది పరికరము సభ యెదుటనే పనిచేసినచో సరి. చేయనిచో ఉపన్యాసకుని పాండిత్యము ఆయనను కాపాడజాలదు. ఈ సాహసమే లాఫోన్ గొప్పతనమునకు మూలమని నేననుకొందును. ఆయన తరగతిగదిలోనే జగదీశచంద్ర వసువు భౌతికశాస్త్రమును నేర్చెను.

సర్కారు మాత్రము నిరాశతోనే కన్నుమూసెను. ఉపన్యాసములు జరిగినవేగాని, తాను కలగన్న పరిశోధన మొలకెత్తలేదని ఆయన చింత. ఆయన 1904లో గతించిన మూడేండ్లకు, బాల్యము చాలవరకు విశాఖపట్టణములో గడపి, అచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో చదివిన ఒక యువకుడు, ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగియై కలకత్తా వచ్చి, ఆ సంఘపు తలుపు తట్టెను. పగలు ఆఫీసు లెక్కలు, ఉదయసాయంకాలములు ప్రయోగశాల. ఇట్లు మొదలైన చంద్రశేఖర వేంకటరామన్ దీక్ష 1928 ఫిబ్రవరి 28న ఫలించిన కథ లోకవిదితమే. ఉపన్యాసములచే పరిశోధన పుట్టదని నిట్టూర్చిన సర్కారునకు కాలమిచ్చిన సమాధానము ఇది: శాస్త్రము వినుటకు జనులు గుమికూడిన మందిరము ఒకటి ఉండబట్టియే, శాస్త్రము చేయుటకు వచ్చినవానికి తలుపు తెరచియుండెను.

రామన్ స్వయముగా గొప్ప ప్రచారకుడన్న సంగతి మనము తరచుగా మరతుము. 1968 డిసెంబరులో, ఎనుబదేండ్ల వయస్సున, అహమ్మదాబాదులో ఆయన ‘ఆకాశము నీలముగా నేల యున్నది?’ అన్న ప్రశ్ననే ఉపన్యాసవిషయముగా గైకొనెను. 1921లో ఓడమీద మధ్యధరాసముద్రపు నీలిమను చూచి, అది ఆకాశపు ఛాయ మాత్రమేనన్న పెద్దల మాటను శంకించినవాడు ఆయనయే. నలుబదియేడేండ్ల తరువాతను ఆ శంక ఆయనయందు ముసలిదికాలేదు. ఉత్తరము తెలిసినవాడు ప్రశ్నను మరల క్రొత్తగా అనుభవించి, శ్రోతను తనతోకూడ ఆలోచింపజేయుట: ఇది నేర్పితే వచ్చు విద్యకాదని కొందరందురు. నేనొప్పుకొనను. తనకు తెలిసినదానిని తానెట్లు తెలిసికొంటినో జ్ఞాపకముంచుకొన్న ప్రతి ఉపాధ్యాయునకును ఇది వశమగును.

ఇక భాష మాట. రవీంద్రుడు 1937లో, డెబ్బదియైదేండ్లు దాటిన పిదప, ‘విశ్వపరిచయ్’ అను శాస్త్రగ్రంథమును వంగభాషలో రచించి సత్యేంద్రనాథ వసువునకు అంకితమొసగెను. బాల్యమున హిమాలయములలో తండ్రి దేవేంద్రనాథుడు తనకు నక్షత్రములను చూపి గుర్తింపజేసిన ముచ్చటను ఆయన తలచుకొన్నాడు. ఆ సత్యేంద్రనాథుడే 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, ‘జ్ఞాన్ ఓ విజ్ఞాన్’ అను పత్రికను నడిపించెను. ఐన్‌స్టీను పేరుతో కలిపి తన పేరును లోకము ఉచ్చరించుచుండగా, మాతృభాషలో జనసామాన్యముకొరకు పత్రిక నడుపుట చిన్నపనియని ఆయన అనుకొనలేదు. మనకును 1906లోనే విజ్ఞానచంద్రికామండలి యుండెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులువంటి కర్మయోగి యుండెను. తరువాతికాలమున ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేయుచు ‘కేలండర్ కథ’వంటి పుస్తకములను ఇంటిలో కూర్చుండి కబుర్లాడినట్లు వ్రాసిన మహీధర నళినీమోహనుడుండెను. వ్యక్తులకు లోటులేదు. వంగదేశమున ఒకని వెనుక ఒకడు అందుకొన్న కాగడా, మనయందు ఒక్కొక్కని చేతిలోనే కొడిగట్టుచుండుట మాత్రము శోచనీయము.

లేకున్నచో గుంటూరు మాట ప్రతి తెలుగుబాలునకును తెలిసియుండవలదా? 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్టణమున మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ వర్ణపటదర్శినులతో పరీక్షించిరి. ఆనాటి సూర్యజ్వాలల వెలుగులో కానవచ్చిన పసుపుపచ్చ రేఖ, భూమిమీద అప్పటికి ఎవరును ఎరుగని మూలకమునకు చెందినదని తరువాత తేలెను, అదియే హీలియము. ఇరువదియేడేండ్లకుగాని అది భూమిపై పట్టుబడలేదు. విశాఖపట్టణమున డాబాగార్డెన్సులో వేధశాల నడపిన అంకితము వేంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను పరిశీలించి లండనుకు వ్రాసి పంపెను. అదే దినమున లాఫోన్ ఇటలీ శాస్త్రజ్ఞులతో కూడి వంగభూమిలో అదే దృశ్యమును చూచుచుండెను. లాఫోన్ మరుసటి యేడు తన కళాశాలలో వేధశాల నిలిపి, కథను జనులకు చెప్పుచుండెను. నరసింగరావు చేసిన ఆకాశపరిశీలన విశాఖవారిలోనే పెక్కుమందికి తెలియదు. ఇరువురిలో పండితుడెవరన్న ప్రశ్న ఇచ్చట అప్రస్తుతము.

1980 ఫిబ్రవరి 16నాటి గ్రహణమునకు హైదరాబాదు చేరువనున్న జపాల్-రంగాపూర్ వేధశాలకు దేశదేశముల శాస్త్రజ్ఞులు తరలివచ్చుచుండగా, మనవారు తలుపులు బిగించుకొని కూర్చుండిరి. దేశమునందలి పెద్ద నగరముల వీథులు పట్టపగలు నిర్మానుష్యములయ్యెను. దర్భపోచ వేయువారిని పరిహసించి నవ్వుకొనుట సులభము. చూచుటకు భయపడువానికి నిరపాయముగా చూచు మార్గము నేర్పినవారెందరు? చేతి అద్దమునకు కాగితమంటించి, నడుమ గోరంత రంధ్రముచేసి, ఎండను దూరపు గోడమీదికి మళ్లించినచో, కొరికిన సూర్యబింబము ఆ గోడపై నిలుచును. కంటికి ప్రమాదములేదు, ఖర్చును లేదు. టికియాపారాలోని ఏ ఇరుకుసందునకైనను గోడకు కొరతలేదు గదా.

పరిహసించువారికి నేను మరొక సంగతి విన్నవింతును. మన ఇండ్లలో ఖగోళశాస్త్రము ఇదివరకే పంచాంగరూపమున వ్రేలాడుచున్నది. నేటి నక్షత్రము రోహిణి యని పంచాంగము చెప్పినదనుకొందము. ఆ సాయంకాలము చంద్రునికి దాపున కెంపువన్నె చుక్కకై వెదకినచో, యార్డు దీపముల నడుమనుండియైనను అది కానవచ్చును. మరునాటికి చంద్రుడు తూర్పునకు జరిగి దానిని విడిచిపోవును. పంచాంగములో తిథి పక్కన అచ్చుపడిన ఆ పేరు ఆకాశమున చంద్రుడున్న విలాసమని అంతట తెలియవచ్చును. చైత్రపూర్ణిమనాడు చిత్త, జ్యేష్ఠపూర్ణిమనాడు జ్యేష్ఠ చంద్రుని పొరుగున నేల యుండునో చూచినవాడు మాసనామములను వల్లెవేయనక్కరలేదు. అటుపిమ్మట, సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలయందే యనియు, జనవరి నడుమ వచ్చు మన సంక్రాంతి సుమారు ఇరువదినాలుగు దినములు వెనుకబడినదనియు చెప్పినను వాడు కోపగించుకొనడు, ఎందుకని అడుగును. మేఘనాద సాహా అధ్యక్షతను 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ ప్రశ్ననే చేపట్టెను. ఆ సంఘపు ఫలితమైన ‘రాష్ట్రీయ పంచాంగము’ నేటికిని ఈ కలకత్తానుండియే తెలుగు సహితముగా అనేక భాషలలో వెలువడుచున్నది. దానిని కొని చదివిన తెలుగువారిని కనుగొనుట హీలియమును కనుగొనుటకంటె కష్టము.

కావున తెలుగు పత్రికాధిపతులకు నాదొక మనవి. ప్రతిదినమును తిథి, వార, నక్షత్రములను, రాహుకాలమును మీరు తప్పక అచ్చువేయుచున్నారు. అందులో ఒకటి రెండు వాక్యములకు చోటొసగి, ఆ రాత్రి చంద్రుడు ఏ చుక్క పక్కన ఏ దిక్కున ఎన్ని గంటలకు కానవచ్చునో, శుక్రుడు సాయంకాలమున నున్నాడో వేకువననున్నాడో వ్రాయించుడు. వ్రాసినది తప్పైనచో పాఠకుడు మేడపైకెక్కి పట్టుకొని, మీకు ఉత్తరము వ్రాయును. ఆ ఉత్తరములనుకూడ అచ్చువేయుడు.