గోమూత్రంలో బంగారం సరే, గేదె పేడ సంగతి తేల్చేదెవరు?

మొన్న పెట్టిన ఘన జీవామృతం వీడియో చూసి మా తిరువూరు దగ్గర ఊరి నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మాకు నాటావు లేదు. రెండు గేదెలున్నాయి. వాటి పేడ పనికిరాదా? నాటావు కొనాలంటే అప్పు చెయ్యాలి. చెయ్యమంటావా?" అని అడిగింది.

"కనుక్కుని చెప్తా అక్కా" అని పెట్టేశా. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. కానీ నేను అమ్మే బస్తా మీద మాత్రం "నాటు ఆవు పేడతో మాత్రమే" అని పెద్ద అక్షరాలతో అచ్చేయించా. ఆరోజు ఆ బస్తా వైపు చూడాలంటే సిగ్గేసింది.

సరే, మన దేశంలో ఆవు మీద రీసెర్చికి కొదవేముంది, ఎక్కడో జవాబు ఉండకపోతుందా అని వెతకడం మొదలుపెట్టా. ఏం దొరికిందో చెప్తా, కాస్త గట్టిగా కూర్చోండి.

ముందుగా బంగారం దొరికింది. 2016లో గుజరాత్‌లోని జునాగఢ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 400 గిర్ ఆవుల మూత్రం శాంపిళ్లు పరీక్ష చేసి, లీటరుకు 3 నుంచి 10 మిల్లీగ్రాముల బంగారం ఉందని ప్రకటించారు. పేపర్లన్నీ వేశాయి. నేనూ కాగితం, పెన్ను తీశా. రోజుకు ఐదు లీటర్లు పట్టామనుకోండి, ఏడాదికి 1,825 లీటర్లు. అంటే తక్కువలో తక్కువ ఐదున్నర గ్రాములు, ఎక్కువలో ఎక్కువ పద్దెనిమిది గ్రాములు. నాలుగు ఆవులుంటే ఆడపిల్ల పెళ్లికి దిగులే లేదు! ఎకరానికి 200 లీటర్ల జీవామృతంలో పది లీటర్ల మూత్రం పోస్తున్నామంటే, విడతకు 30 నుంచి 100 మిల్లీగ్రాముల బంగారం మిరప చేలో కుమ్మరిస్తున్నామన్నమాట. ఇన్నేళ్లుగా కుమ్మరిస్తున్నా, మా ఊళ్లో ఏ బ్యాంకూ డ్రమ్ము తాకట్టు పెట్టుకుని గోల్డ్ లోన్ ఇచ్చిన పాపాన పోలేదు.

తర్వాత చిప్పు దొరికింది. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ ఛైర్మన్ గారు ఆవు పేడతో చేసిన చిప్పు చూపించి, సెల్‌ఫోన్ రేడియేషన్ తగ్గిస్తుందన్నారు. ఆధారాలు చూపించండి అని వందల మంది శాస్త్రవేత్తలు అడిగారు. పేడ మనకు పిడకలుగా తెలుసు, అలుకుగా తెలుసు, ఎరువుగా తెలుసు. ఫోన్ వెనక అతికించుకునే వస్తువుగా తెలియకపోవడం మన వెనకబాటుతనమే కాబోలు.

ఆ తర్వాత అసలు పథకం దొరికింది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, ఇంకొన్ని శాఖలతో కలిసి, "సూత్ర-పిక్" అనే పేరుతో దేశవాళీ ఆవు ఉత్పత్తుల మీద పరిశోధన ప్రతిపాదనలు పంపమంది. అంశాలు ఐదు: దేశవాళీ ఆవు ప్రత్యేకత, వైద్యం, వ్యవసాయం, ఆహారం, ఇంట్లో వాడుకునే వస్తువులు. 500 మందికి పైగా శాస్త్రవేత్తలు దీన్ని వెనక్కి తీసుకోమని బహిరంగ లేఖ రాశారు. వాళ్ల అభ్యంతరంలో ముఖ్యమైన మాట ఒకటుంది. దేశవాళీ ఆవు ప్రత్యేకం అని ముందే అనేసుకుని, తర్వాత దానికి రుజువులు వెతకమంటున్నారు అని.

ఇక్కడ మనవాళ్లకి కోపం వస్తుంది. నాకూ వచ్చింది. "ఆవు పేరెత్తితే చాలు, వీళ్లకి పడదు" అనుకున్నా. తర్వాత ఆలోచించా. అక్క అడిగిన ప్రశ్న ఏంటి? నాటావు పేడకీ గేదె పేడకీ పొలంలో తేడా ఉందా లేదా అని. ప్రశ్న అడక్కముందే "ఉంది" అని రాసేసుకుంటే ఇంక పరీక్ష ఎందుకు? వ్యవసాయం అనే అంశం ఆ ఐదింటిలో ఉంది, కాదనను. కానీ పెళ్లిచూపులకు ముందే శుభలేఖలు అచ్చేయించినట్టు మొదలుపెట్టిన పని నుంచి నిజం ఎలా బయటికొస్తుంది?

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. వినడానికి నవ్వొచ్చే రీసెర్చి అంతా దండగ కాదు. అమెరికాలో ప్రాక్స్‌మైర్ అనే సెనేటర్ 1975 నుంచి దండగ ఖర్చులకు నెలనెలా ఒక ఉత్తుత్తి అవార్డు ప్రకటించేవాడు. మొదటిది, మనుషులు ప్రేమలో ఎందుకు పడతారో తెలుసుకోవడానికి ఇచ్చిన 84,000 డాలర్లకి. జనం బాగా నవ్వుకున్నారు. అదే దేశంలో పశువుల గాయాల్లో గుడ్లు పెట్టే ఒక ఈగ సంసారం మీద కూడా రీసెర్చి జరిగింది. అదీ నవ్వులాటే అనిపిస్తుంది. కానీ ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుందని తెలిసింది. అప్పుడు మగ ఈగల్ని రేడియేషన్‌తో గొడ్డుబోయేలా చేసి కోట్లలో వదిలారు. ఆడవి వాటితో జతకట్టి పెట్టిన గుడ్లు పొదగలేదు. అలా ఆ ఈగని అమెరికా నుంచే తరిమేశారు. ఆ పని చేసిన నిప్లింగ్, బుష్‌లాండ్ అనే ఇద్దరికి 1992లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

అంత దూరం ఎందుకు? "పురుగుకి ఏ రంగు ఇష్టం?" అని ఒకాయన గవర్నమెంటు డబ్బుతో చూశాడని మన రచ్చబండ దగ్గర చెప్పండి. "పన్లేనోడు" అంటారు. కానీ తెల్లదోమకి పసుపు అట్ట, తామర పురుగుకి నీలం అట్ట మన పొలాల్లో కట్టామంటే అలాంటి పన్లేనోళ్ల వల్లే. 2021లో నల్ల తామర పురుగు ఇటు గుంటూరు వైపు, అటు ఖమ్మం వైపు మిరప పూలని తినేస్తుంటే ఎన్ని చేలు పీకేశారో మన కళ్లతో చూశాం. మందు మీద మందు కొట్టి అప్పులపాలైనవాళ్లు మన పక్కనే ఉన్నారు. అప్పుడు కావాల్సింది గోల్డు లెక్కలు కాదు. ఆ పురుగు ఎప్పుడు వస్తుంది, ఎక్కడ దాక్కుంటుంది, దాన్ని తినే పురుగులేవి అన్న లెక్కలు.

కాబట్టి పేరు చూసి నవ్వకూడదు, పేరు చూసి మొక్కకూడదు. ఒక్కటే అడగాలి: ఈ పరీక్షలో "కాదు" అనే జవాబు వచ్చే వీలుందా? నీలం అట్టకి పురుగు రాకపోతే రాలేదని రాసేవాళ్లు. అదీ రీసెర్చి అంటే. ఏం జరిగినా "అవును" అనే వచ్చేదాన్ని భజన అంటారు. భజన మంచిదే, కానీ దానికి గుడి ఉంది, చందాలున్నాయి. దేశం మొత్తం ఆదాయంలో వంద రూపాయలకు రీసెర్చి మీద పెట్టేది 64 పైసలు. అందులోంచి భజనకి తీస్తే మిగిలేదేంటి?

డిప్లొమాలో మాకు మొదట నేర్పింది చెక్ ప్లాటు. మందు వేసిన మడి పక్కనే వెయ్యని మడి ఉండాలి, లేకపోతే ఏం చెప్పినా సోదే. చదువుకున్నా, పాసయ్యా, వ్యాపారం పెట్టగానే మర్చిపోయా. అక్క ఫోన్ తర్వాత సిగ్గు తెచ్చుకుని మిరపలో మూడు మడులు విడదీశా. ఒకదానికి నాటావు పేడ, మూత్రాలతో చేసిన జీవామృతం, ఒకదానికి గేదెవాటితో చేసింది, మూడోదానికి వట్టి నీళ్లు. మిగతా పనులన్నీ ఒకేలా. వీడియోలో మీరు చూసిన మూడు కర్రలు అవే. ఏ కర్ర ఏ మడిదో మా బాబాయికి చెప్పకుండా "ఏది బాగుంది?" అని అడిగా. నీళ్ల మడిని ఆయన వెంటనే పట్టేశాడు. మిగతా రెండింటి మధ్య చాలాసేపు తిరిగి, "రెండూ ఒకటేరా" అన్నాడు.

ఇది రుజువు కాదు. ఒక్క పొలం, ఒక్క సీజను, ఒక్క బాబాయి. ఇంకో నేలలో, ఇంకో పంటలో తేడా కనపడొచ్చు. పాలేకర్ గారు దేశీ ఆవే కావాలన్నారు, గ్రాము పేడలో 300 నుంచి 500 కోట్ల సూక్ష్మజీవులన్నారు. ఆయన వల్లే నేను ఈ దారికి వచ్చా, ఆ గౌరవం ఎక్కడికీ పోదు. కానీ గురువు మాట పొలంలో పరీక్షించడం తప్పు కాదు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయానికి శాస్త్రీయ ఆధారాలు లేవన్నప్పుడు మనందరికీ మండింది. వాళ్ల నోరు మూయించేది బంగారం వార్తలు కాదండీ. ఆ వార్తల వల్ల మన నిజమైన పంట ఫలితాలు కూడా నవ్వులపాలవుతున్నాయి. 2024 నవంబరులో కేంద్రం ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి 2,481 కోట్లు ఒప్పుకుంది. అందులో మన మండలాల్లో చెక్ ప్లాట్లతో, మూడు నాలుగేళ్లపాటు, గెలిచినా ఓడినా లెక్కలు బయటపెట్టే పరీక్షలు అడుగుదాం. కేవీకే వాళ్లని అడుగుదాం, వ్యవసాయాధికారిని అడుగుదాం.

అక్కకి ఫోన్ చేశా. "అప్పు చెయ్యొద్దు. ఉన్న గేదె పేడతోనే మొదలుపెట్టు. ఒక్క మడి మాత్రం వట్టి నీళ్లతో వదులు" అన్నా. పాత బస్తాలు అయిపోయాక కొత్తవాటి మీద "మాత్రమే" అనే మాట తీసేస్తున్నా. దానివల్ల అమ్మకం తగ్గితే తగ్గనీ.

ఈ సీజన్లో మీరూ ఒక్క మడి వదలండి. ఫలితం ఎలా వచ్చినా, ముఖ్యంగా తేడా రాకపోతే, కింద రాయండి. అందరి లెక్కలూ కలిపి ఇంకో వీడియో చేస్తా.